హిజాజ్ రైలు మార్గం - సుల్తాన్ అబ్దుల్ హమీద్ పాలన నేర్పే పాఠం



గతించిన వారి గాథలలో బుద్ధిమంతులకు గుణపాఠం ఉందని దివ్య ఖుర్ఆన్ (12:111) తెలియజేస్తోంది. ఈ గుణపాఠాన్ని ఖుర్ఆన్ ‘ఇబ్రత్’ అంటుంది. అరబీ భాషలో ఈ పదానికి మూలం ‘దాటడం’. ఒక ఒడ్డు నుండి మరో ఒడ్డుకు దాటినట్లు, గతించిన వారి కాలం నుండి మన కాలానికి దాటి వచ్చి మనల్ని మనం చూసుకోవడమే ఇబ్రత్. చరిత్ర చదివి గర్వపడటం తేలిక. కన్నీరు కార్చడమూ తేలికే. చదివి దిద్దుకోవడమే కష్టం.

ఉస్మానీ సుల్తానుల ప్రస్తావన వచ్చినప్పుడు మనలో రెండు ధోరణులు కనిపిస్తాయి. కొందరు వారిని ఏ తప్పూ ఎరుగని మహాత్ములుగా చిత్రిస్తారు. మరికొందరు పాశ్చాత్యుల పుస్తకాలలో ఉన్నదంతా నమ్మి వారిని రక్తపిపాసులుగా తీసిపారేస్తారు. ఈ రెండు ధోరణులకూ ఎక్కువగా గురైన పాలకుడు రెండవ అబ్దుల్ హమీద్. యూరపు పత్రికలు ఆయనను ‘ఎర్ర సుల్తాను’ అన్నాయి. మన ఉపన్యాసకులేమో ఆయన కథను కన్నీళ్లు తెప్పించేలా చెబుతారు. తుర్కీ టెలివిజన్‌లో 2017 నుండి 2021 వరకు ఆయనపై ఒక ధారావాహిక ప్రసారమయింది. ఉర్దూ అనువాదంతో అది మన ఇళ్లలోకీ వచ్చింది. దానితో యువకులు ఆయన గురించి మరింతగా అడుగుతున్నారు.

స్వయంగా మనకు, మన తల్లిదండ్రులకు, మన బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయానికే సాక్షులుగా నిలబడాలని అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు (4:135). ఈ ఆయతునే కొలబద్దగా పెట్టుకుని ఆ సుల్తాను పాలనను పరిశీలిద్దాం.

సింహాసనానికి ముందు

అబ్దుల్ హమీద్ 1842 సెప్టెంబరు 21న ఇస్తాంబూలులో జన్మించారు. తండ్రి సుల్తాన్ అబ్దుల్ మజీద్. పదేళ్ల వయసులో కన్నతల్లి కన్నుమూసింది. సవతి తల్లి పెరస్తూ ఆయనను పెంచి పెద్ద చేసింది. చిన్ననాటి నుండి మితభాషి. వడ్రంగం అంటే ఇష్టం. ఆయన స్వహస్తాలతో చేసిన కుర్చీలు, బీరువాలు నేటికీ తుర్కీ మ్యూజియంలలో ఉన్నాయి.

ఆయన గద్దెనెక్కిన తీరు గమనించదగినది. 1876 మే నెలలో పినతండ్రి సుల్తాన్ అబ్దుల్ అజీజ్‌ను మంత్రులు, సేనాధిపతులు కలిసి తొలగించారు. కొద్ది రోజులకే ఆయన శవమై కనిపించారు. తరువాత అన్న ఐదవ మురాద్‌ను సుల్తానుగా కూర్చోబెట్టారు. మతి చలించిందని 93 రోజులకే ఆయననూ దింపేశారు. 1876 ఆగస్టు 31న అబ్దుల్ హమీద్ వంతు వచ్చింది. ఒకే వేసవిలో ముగ్గురు సుల్తానులు! తనను నిలబెట్టిన చేతులే తనకు ముందు ఇద్దరిని పడగొట్టాయని ఆయన కళ్లారా చూశారు. ఆ భయం ఆయనను జీవితాంతం వదల్లేదు. ఆయన చేసిన మంచినీ, చెడునూ అర్థం చేసుకోవాలంటే ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

రాజ్యాంగం, యుద్ధం

1876 డిసెంబరు 23న ఆయన దేశానికి తొలి రాజ్యాంగాన్ని ప్రకటించారు. దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర మిద్‌హత్ పాషాది. మరుసటి ఏడు మార్చిలో పార్లమెంటు సమావేశమయింది. ముస్లిములు, క్రైస్తవులు, యూదులు అందులో సభ్యులుగా కూర్చున్నారు. అయితే 1877 ఏప్రిల్‌లో రష్యా యుద్ధం ప్రకటించింది. ప్లెవ్నా వద్ద ఉస్మాన్ పాషా దాదాపు ఐదు నెలలు శత్రువును నిలువరించినా చివరికి ఓటమి తప్పలేదు. రష్యా సేనలు ఇస్తాంబూలు పొలిమేరల దాకా వచ్చాయి. 1878లో జరిగిన బెర్లిన్ ఒడంబడికతో సెర్బియా, రుమేనియా, మాంటెనీగ్రో చేజారాయి. బోస్నియా ఆస్ట్రియా పాలనలోకి, సైప్రస్ బ్రిటన్ పాలనలోకి వెళ్లాయి. బాల్కన్ ప్రాంతాల నుండి లక్షలాది ముస్లిములు కట్టుబట్టలతో శరణార్థులై వచ్చారు. ఆ తరువాత 1881లో ట్యునీసియాను ఫ్రాన్సు, 1882లో ఈజిప్టును బ్రిటన్ ఆక్రమించుకున్నాయి.

యుద్ధం సాకుగా 1878 ఫిబ్రవరిలో సుల్తాన్ పార్లమెంటును మూసివేశారు. రాజ్యాంగాన్ని రద్దు చేయలేదు గానీ అమలు చేయలేదు. పార్లమెంటు మళ్లీ తెరవడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

అప్పుల ఊబి

సుల్తానుకు వారసత్వంగా దక్కిన వాటిలో అతి భారమైనది అప్పు. ఉస్మానీ ప్రభుత్వం మొదటిసారి విదేశీ రుణం తీసుకున్నది 1854లో, క్రిమియా యుద్ధ కాలంలో. ఇరవై ఏళ్లు తిరిగేసరికి పాత అప్పు వడ్డీ కట్టడానికి కొత్త అప్పు చేయవలసిన దుస్థితి దాపురించింది. రాజ్యాదాయంలో సగానికి పైగా వడ్డీకీ, వాయిదాలకే పోయేది. 1875లో ఇక పూర్తిగా కట్టలేమని ప్రభుత్వం చేతులెత్తేసింది.

1881 డిసెంబరులో, హిజ్రీ లెక్కన ముహర్రం మాసంలో, ఒక శాసనం వెలువడింది. అప్పులిచ్చిన యూరపు దేశాల ప్రతినిధులతో ఒక రుణ నిర్వహణ సంస్థ ఏర్పడింది. దాని పేరు ‘దుయూనె ఉమూమియా’. ఉప్పు, పొగాకు, స్టాంపులు, చేపలు, పట్టు వంటి వాటిపై వచ్చే రాబడి నేరుగా ఆ సంస్థకే పోయేది. అంటే ఉస్మానీ రైతు తన ఇంట ఉప్పు కొన్నా అందులో కొంత పారిస్, లండన్ వడ్డీ వ్యాపారుల పెట్టెలోకి చేరేదన్నమాట! వడ్డీని అల్లాహ్ ఎందుకు అంత కఠినంగా నిషేధించాడో (2:275-279) ఈ ఒక్క ఉదాహరణ చాలు. వడ్డీ ఒక మనిషినే కాదు, ఒక సామ్రాజ్యాన్ని కూడా తాకట్టు పెట్టిస్తుంది.

అప్పు తీరుస్తామన్న ప్రతిపాదన

ఈ దశలోనే యూదు జాతీయవాద నాయకుడు థియోడర్ హెర్జెల్ రంగంలోకి వచ్చాడు. 1901 మే నెలలో అతడు సుల్తానును కలిశాడు. అప్పుల భారం తగ్గించడానికి తాము తోడ్పడతామని, ప్రతిగా ఫలస్తీనులో యూదుల వలసకు అధికారిక హక్కుపత్రం కావాలని అతని కోరిక. యూదులు సామ్రాజ్యంలోని ఇతర ప్రాంతాలలో ఉస్మానీ పౌరులుగా స్థిరపడవచ్చు గానీ, ఫలస్తీనులో అలాంటి హక్కుపత్రం ఇవ్వడం కుదరదన్నది ఉస్మానీ ప్రభుత్వ వైఖరి. పీకల్లోతు అప్పులో ఉండి కూడా సుల్తాన్ ఆ బేరానికి లొంగలేదు. ఇది ఆయన ఖాతాలో జమ చేయవలసిన గొప్ప విషయం.

అయితే ఇక్కడ రెండు మాటలు చెప్పక తప్పదు. మన ప్రసంగాలలో ఆ సందర్భంగా సుల్తాన్ నోట ఎన్నో ఆవేశపూరితమైన వాక్యాలు పలికిస్తుంటారు. ఏ వార్త వచ్చినా నిర్ధారించుకోమన్నది ఖుర్ఆన్ ఆజ్ఞ (49:6). హదీసుల విషయంలో సనదు అడిగే మనం చరిత్ర విషయంలో మాత్రం విన్నది విన్నట్లు చెప్పడం తగదు. రెండవది, హక్కుపత్రం ఇవ్వకపోయినా వలస మాత్రం పూర్తిగా ఆగలేదు. లంచగొండి అధికారుల వల్ల, విదేశీ రాయబారుల ఒత్తిడి వల్ల భూముల కొనుగోళ్లు ఆయన కాలంలోనూ సాగాయి. పైన ఉన్నవాని నిజాయితీ కింద ఉన్నవాని లంచగొండితనం ముందు ఎంత నిస్సహాయమైనదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

హిజాజ్ రైలు మార్గం

ఇప్పుడు మన వ్యాసానికి ముఖ్యమైన విషయానికి వద్దాం.

ఆ రోజుల్లో డమాస్కస్ నుండి మదీనాకు హజ్ యాత్రికుల బిడారు ఒంటెలపై చేరడానికి సుమారు నలభై రోజులు పట్టేది. దారిలో నీళ్లు దొరకవు. వ్యాధులు, దారిదోపిడీలు. వెళ్లినవారు తిరిగొస్తారన్న ధీమా ఉండేది కాదు. సుల్తాన్ 1900 మే నెలలో డమాస్కస్ నుండి పవిత్ర నగరాలకు రైలు మార్గం వేయాలని నిర్ణయం ప్రకటించారు. దీని వెనుక యాత్రికుల సౌకర్యం మాత్రమే కాదు, హిజాజ్‌కు త్వరగా సైన్యాన్ని పంపగలగడం, ఖలీఫాగా తన ప్రతిష్ఠను పెంచుకోవడం అనే ఉద్దేశాలు కూడా ఉన్నాయి. వాటిని దాచవలసిన అవసరం లేదు.

అందరినీ ఆశ్చర్యపరచింది మాత్రం ఆయన పెట్టిన షరతు. ఈ మార్గానికి విదేశీ అప్పు తీసుకోకూడదు! అప్పటికి సామ్రాజ్యంలోని రైలు మార్గాలన్నీ దాదాపు యూరపు కంపెనీల పెట్టుబడితో నిర్మించినవే. ఇది సాధ్యమేనా అని యూరపులో పలువురు సందేహించారు. సుల్తాన్ తన సొంత ధనం నుండి 50,000 లీరాలు ఇచ్చి విరాళాలకు శ్రీకారం చుట్టారు. ఇరాన్ షా ఇచ్చారు. ఈజిప్టు నుండి, మొరాకో నుండి, రష్యా పాలనలోని ముస్లిముల నుండి సొమ్ము వచ్చింది. ఖుర్బానీ పశువుల తోళ్లు అమ్మిన డబ్బు కూడా ఈ నిధికి చేరింది. దాతలకు వారిచ్చిన మొత్తాన్ని బట్టి పతకాలు ఇచ్చారు. మొత్తం ఖర్చులో సుమారు మూడో వంతు ఇలా విరాళాలుగానే సమకూరింది. మిగతాది ప్రత్యేక స్టాంపులు, పన్నులు, ప్రభుత్వోద్యోగుల జీతాల కోతలు వంటి వాటితో నిండింది. ఉద్యోగులందరూ ఇష్టపూర్వకంగానే ఇచ్చారని చెప్పలేము. అయినా యూరపు బ్యాంకు ముందు చేయి చాచలేదన్నది నిజం.

1900 సెప్టెంబరులో పని మొదలయింది. జర్మన్ ఇంజనీరు మైస్నర్ పాషా సాంకేతిక బాధ్యత వహించాడు. కూలీలుగా పనిచేసినది అధిక భాగం ఉస్మానీ సైనికులు. ఎండలో, నీటి ఎద్దడిలో, కలరా వంటి వ్యాధుల మధ్య వారు పట్టాలు పరిచారు. ఎందరో ఆ ఎడారిలోనే ప్రాణాలు విడిచారు. వారి పేర్లు ఏ పతకం మీదా లేవు. అల్లాహ్ వద్ద తప్పక ఉంటాయి. 1904లో మార్గం మఆన్‌కు, 1906లో తబూక్‌కు, 1907లో అల్-ఉలాకు చేరింది. అక్కడి నుండి పవిత్ర భూమి కనుక ముస్లిమేతర ఇంజనీర్లు ముందుకు సాగలేదు. ముఖ్తార్ బే నాయకత్వంలో ముస్లిం ఇంజనీర్లు మిగిలిన మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు పూర్తి చేశారు. 1908 సెప్టెంబరు 1న మదీనా స్టేషనులో ప్రారంభోత్సవం జరిగింది. డమాస్కస్ నుండి మదీనాకు సుమారు 1,300 కిలోమీటర్లు. నలభై రోజుల ప్రయాణం మూడు నాలుగు రోజులకు తగ్గింది.

హైదరాబాదు నుండి హిజాజ్ దాకా

ఈ పుణ్యకార్యంలో మన దేశ ముస్లిములకూ భాగముంది. అంతకుముందు 1877లో రష్యా యుద్ధం జరుగుతున్నప్పుడే ఇక్కడి వారు గాయపడిన ఉస్మానీ సైనికుల కోసం చందాలు పంపారు. రైలు మార్గం కోసం లాహోరులో ‘వతన్’ పత్రిక సంపాదకులు మౌల్వీ ముహమ్మద్ ఇన్షాఅల్లాహ్ ఏళ్ల తరబడి రాశారు, తిరిగారు. హైదరాబాదులో ముల్లా అబ్దుల్ ఖయ్యూం విరాళాల సేకరణకు నడుం బిగించారు. అల్లామా షిబ్లీ నోమానీ (రహ్మలై) అంతకుముందే, 1892లో, ఇస్తాంబూలు వెళ్లి అక్కడి విద్యాలయాలను, గ్రంథాలయాలను పరిశీలించి ఉర్దూలో యాత్రాగ్రంథం రాశారు. దానితో ఆ దూరదేశం ఇక్కడి చదువుకున్న ముస్లిములకు దగ్గరయింది.

ఈ బంధం తరువాత కూడా తెగలేదు. 1924లో ఖిలాఫత్ రద్దయ్యాక దేశబహిష్కృతుడైన చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ ఎఫెంది ఈ సుల్తానుకు పినతండ్రి కుమారుడు. ఆయన కుమార్తె దుర్రెషెహ్వార్ 1931లో నిజాం పెద్ద కుమారుడు ఆజం జా భార్యగా హైదరాబాదు వచ్చారు. రెండవ కుమారుడు మొఅజ్జం జా భార్య నీలోఫర్ కూడా ఉస్మానీ వంశస్థురాలే. అబ్దుల్ హమీద్‌కు ముందు 93 రోజులు పాలించిన అన్న మురాద్‌కు ఆమె మునిమనుమరాలు. నేడు తెలంగాణలోని మారుమూల పల్లెల నుండి తల్లులు పసిబిడ్డలను ఎత్తుకుని వచ్చే నీలోఫర్ ఆసుపత్రి ఆమె పేరిట ఉన్నదే.

నమ్మకం పొందినవాడు నమ్మలేకపోయాడు

ఇంతవరకు చదివినవారికి సుల్తానుపై గౌరవం కలుగుతుంది. కలగాలి కూడా. అయితే నాణేనికి రెండో వైపును కప్పిపుచ్చితే అది న్యాయం కాదు.

ఎక్కడో హైదరాబాదులో ఉన్నవాడు, ఇస్తాంబూలును కలలో కూడా చూడనివాడు, తన సంపాదనలో కొంత తీసి సుల్తాన్ మీద నమ్మకంతో పంపించాడు. అంతటి నమ్మకాన్ని పొందిన సుల్తాన్ మాత్రం తన కళ్లెదుట ఉన్నవారిని నమ్మలేకపోయారు. యిల్దిజ్ మహలు ఎత్తైన గోడల వెనుకకు వెళ్లిపోయి అక్కడి నుండే పాలించారు. రాజ్యమంతటా వేగులను నియమించారు. వారు పంపే రహస్య నివేదికలను ‘జుర్నల్’ అనేవారు. ఒకరిపై ఒకరు చాడీలు రాసి పదవులు సంపాదించుకున్నవారు కోకొల్లలు. స్నేహితుడు స్నేహితుని ముందు నోరు విప్పడానికి జంకే కాలం వచ్చింది. పత్రికలపై కఠినమైన నిఘా. స్వేచ్ఛ, రాజ్యాంగం వంటి పదాలు అచ్చులో కనిపిస్తే సంపాదకునికి ముప్పే. సుల్తాన్ రాత్రిళ్లు అపరాధ పరిశోధన నవలలు చదివించుకుని వినేవారట! ఆయన మనసు ఎటు తిరుగుతుండేదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

రాజ్యాంగ రూపశిల్పి మిద్‌హత్ పాషాను ముందు దేశం దాటించారు. తరువాత అబ్దుల్ అజీజ్ హత్య నేరం మోపి 1881లో విచారణ జరిపించి తాయిఫ్ కారాగారానికి పంపారు. 1884లో అక్కడే ఆయన గొంతు నులిమి చంపబడ్డారు. 

అనుమానాలకు దూరంగా ఉండమని, ఇతరుల రహస్యాలు కూపీ లాగవద్దని అల్లాహ్ విశ్వాసులను హెచ్చరించాడు (49:12). పాలకుడు ప్రజలలో తప్పులు వెదకడమే పనిగా పెట్టుకుంటే వారిని చెడగొట్టినవాడవుతాడని దైవప్రవక్త (స) బోధించారు (అబూ దావూద్). సరిగ్గా అదే జరిగింది. వేగుల రాజ్యంలో నిజాయితీపరుడు మౌనం వహిస్తాడు, ముఖస్తుతి చేసేవాడు పైకి వస్తాడు. 

సుల్తాన్ విద్యాలయాలు ఎన్నో తెరిచారు. న్యాయశాస్త్ర కళాశాల, ఉపాధ్యాయ పాఠశాలలు, 1900లో ఇస్తాంబూలు విశ్వవిద్యాలయం వంటివి ఆయన కాలపు సేవలే. కాని చదువు నేర్పి నోరు మూసుకోమంటే చదువుకున్నవాడు ఊరుకోడు. 1889లో సైనిక వైద్య కళాశాల విద్యార్థులే తొలి రహస్య సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘమే పెరిగి పెద్దదై చివరికి ఆయనను గద్దె దించింది.

ఆర్మీనియన్ల విషాదం

మరింత బాధాకరమైన విషయం ఒకటుంది. దీన్ని మన పుస్తకాలు చాలావరకు దాటవేస్తాయి. 1894 నుండి 1896 వరకు తూర్పు అనతోలియా ప్రాంతాలలోనూ, ఇతర పట్టణాలలోనూ ఆర్మీనియన్ క్రైస్తవులపై భయంకరమైన మారణకాండలు జరిగాయి. ఆర్మీనియన్లలో కొన్ని విప్లవ సంఘాలు ఆయుధాలు పట్టిన మాట నిజం. కాని చనిపోయినవారిలో అత్యధికులు ఆ సంఘాలతో సంబంధం లేని రైతులు, వర్తకులు, స్త్రీలు, పిల్లలు. సుల్తాన్ పేరిట ఏర్పడిన ‘హమీదియా’ కుర్దు అశ్వికదళాలకు ఈ పాపంలో భాగముంది. 1895 డిసెంబరులో ఉర్ఫా పట్టణంలో చర్చిలో తలదాచుకున్నవారిని సైతం సజీవంగా దహనం చేశారు. మృతుల సంఖ్యపై చరిత్రకారుల అంచనాలు 80,000 నుండి 3,00,000 దాకా ఉన్నాయి. సుల్తాన్ స్వయంగా ఎంతవరకు ఆజ్ఞాపించారన్నదానిపై చర్చ ఉంది. కాని రాజ్యం ఆయనది, సైన్యం ఆయనది, బాధ్యతా ఆయనదే.

ఒడంబడిక కలిగిన ముస్లిమేతరునికి అన్యాయం చేసినవానిపై ప్రళయదినాన తానే వాదిస్తానని దైవప్రవక్త (స) ప్రకటించారు (అబూ దావూద్). ఈ హదీసు చదివినవాడు ఉర్ఫా చర్చిని చూసీ చూడనట్లు పోలేడు. ‘మనవాడు’ అన్న కారణంగా ఈ ఘోరాన్ని సమర్థించడం ఇస్లాం నేర్పినది కాదు. నేడు మనపై అన్యాయం జరిగితే ప్రపంచం మాట్లాడాలని కోరుకుంటాం. మరి ఇతరులపై మనవాళ్లు చేసినదాని గురించి మనం మాట్లాడనక్కరలేదా?

పగ పగనే పెంచింది. 1905 జులై 21, శుక్రవారం, జుమా నమాజు తరువాత మస్జిదు బయట ఆర్మీనియన్ విప్లవకారుల బాంబు పేలింది. 26 మంది మరణించారు. షేఖుల్ ఇస్లాం జమాలుద్దీన్ ఎఫెందితో మాట్లాడుతూ కొద్ది నిమిషాలు ఆలస్యంగా బయటికి రావడం వల్ల సుల్తాన్ బతికిపోయారు. 

పతనం

1908 జులైలో మాసిడోనియాలోని సేనలు తిరగబడ్డాయి. సుల్తాన్ రాజ్యాంగాన్ని తిరిగి అమలులోకి తెచ్చారు. ఇక్కడొక విచిత్రం గమనించండి. ఎనిమిదేళ్లు శ్రమించి వేయించిన రైలు మదీనా చేరేసరికి, అంటే సెప్టెంబరు 1 నాటికి, ఆయన చేతిలో అసలు అధికారం మిగల్లేదు. యిల్దిజ్‌లో పెట్టెల కొద్దీ వేగుల నివేదికలు బయటపడ్డాయి. అన్ని పెట్టెల నిండా సమాచారం ఉంది. కాని తన కాళ్ల కింద నేల కదులుతోందన్న సంగతి మాత్రం వాటిలో ఏ కాగితమూ ఆయనకు వేళకు చెప్పలేదు. 

1909 ఏప్రిల్‌లో ఇస్తాంబూలులో జరిగిన తిరుగుబాటు విఫలమయ్యాక, ఏప్రిల్ 27న ఆయనను పదవి నుండి తొలగించారు. సలోనికాలో ఒక భవనంలో బంధించారు. 1912లో బాల్కన్ యుద్ధం రావడంతో ఇస్తాంబూలులోని బైలర్‌బే మహలుకు మార్చారు. 1918 ఫిబ్రవరి 10న ఆయన ఈ లోకాన్ని విడిచారు. 

రైలు మార్గం గతి కూడా అంతే. ఒంటెల బాడుగపై బతికే అరబ్బు తెగలకు రైలు వల్ల జీవనోపాధి పోయింది. వారిని కూర్చోబెట్టి మాట్లాడి ఒప్పించే ప్రయత్నం చాలినంతగా జరగలేదు. బనూ హర్బ్ వంటి తెగలు మొదటి నుండే దాడులు చేశాయి. మక్కా దాకా మార్గం వేయాలన్న కల నెరవేరలేదు. 1916లో షరీఫ్ హుసైన్ బ్రిటిషువారి అండతో తిరుగుబాటు చేసినప్పుడు ఆ పట్టాలను, వంతెనలను డైనమైటుతో పేల్చివేశారు. మదీనాను కాపాడిన ఫఖ్రీ పాషా 1919 జనవరిలో లొంగిపోయారు. చివరికి మదీనాకు రైలు రాకపోకలు నిలిచిపోయాయి. నేడు ఆ స్టేషను ఒక మ్యూజియం. ఉమ్మత్ అంతా చందా వేసి కట్టిన మార్గాన్ని ఉమ్మత్ వారే పెకలించారు!

మనం నేర్చుకోవలసినది

సోదర సోదరీమణులారా! ఈ చరిత్ర సారాంశం ఒక్క మాటలో చెప్పవచ్చు. సుల్తాన్ అబ్దుల్ హమీద్ నిర్మించగలిగినవన్నీ నమ్మకంపై నిర్మించినవే. ఆయన కోల్పోయినవాటిలో చాలా భాగం అపనమ్మకం వల్ల కోల్పోయినవే. శత్రువులు బలవంతులే, వారి కుట్రలూ నిజమే. వాటికి తోడు, ప్రజలతో సంప్రతించే తలుపును ఆయన స్వయంగా మూసివేశారు.

విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రతింపులతో నడుస్తాయని అల్లాహ్ ప్రశంసించాడు (42:38). వహీ అందుకునే ప్రవక్త (స)నే సహచరులతో సంప్రతించమని ఆదేశించాడు (3:159). హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఖలీఫాగా ఎన్నికైన తొలి రోజునే, తాను సరిగా నడిస్తే తోడ్పడమని, దారి తప్పితే సరిదిద్దమని ప్రజలను కోరారు. తనను సరిదిద్దే హక్కును ఆయన ప్రజల చేతికిచ్చారు. అబ్దుల్ హమీద్ ఆ హక్కును ప్రజల చేతి నుండి లాక్కున్నారు. 

సామ్రాజ్యాలు మన చేతిలో లేవు. కాని అమానత్ మాత్రం ఉంది. పదవి అమానత్ అని, దాని హక్కు నెరవేర్చనివానికి ప్రళయదినాన అది పశ్చాత్తాపమేనని హజ్రత్ అబూ జర్ (రజి)కు ప్రవక్త (స) హితవు చెప్పారు (ముస్లిం). మస్జిదు కమిటీ అధ్యక్షత ఒక అమానత్. మదర్సా నిర్వహణ ఒక అమానత్. నాడు హిజాజ్ రైలుకు ఖుర్బానీ తోళ్ల డబ్బు వెళ్లినట్లే, నేడు మన ఊళ్లలో తోళ్ల డబ్బు, జకాత్, ఫిత్రా మదర్సాలకు వస్తుంటాయి. రిక్షా తొక్కేవాడు, బీడీలు చుట్టే సోదరి నమ్మకంతో ఇచ్చిన పైసా అది. జుమా తరువాత ఒక సామాన్య నమాజీ లేచి లెక్క అడిగితే మన ముఖం ఎందుకు మాడిపోతుంది? అడిగినవాణ్ణి ఫిత్నా రేపేవాడని ఎందుకు ముద్ర వేస్తాం? చందా తీసుకునేటప్పుడు అతడు మన సోదరుడు, లెక్క అడిగితే శత్రువా? వేగుల నివేదికలు రాసే వ్యవస్థ మనకు లేకపోవచ్చు. కాని ఎవరు ఏమన్నారో చెవిన వేసే మనుషులు ప్రతి కమిటీలోనూ ఉంటారు. వారి మాట వినే చెవులు మనవే కదా!

కనుక ఈ సుల్తానును ద్వేషించవలసిన పని లేదు, పూజించవలసిన పని అంతకన్నా లేదు. అప్పులకు తలొగ్గకుండా హిజాజ్ రైలు వేయించిన ఆయన పట్టుదలను నేర్చుకుందాం. ఫలస్తీనును బేరానికి పెట్టని ఆయన దృఢత్వాన్ని గౌరవిద్దాం. మిద్‌హత్ పాషా కారాగారాన్ని, ఉర్ఫా చర్చిని కూడా మరిచిపోకుండా ఉందాం. ఆయన లెక్క అల్లాహ్ వద్ద ఉంది. మన లెక్క ఇంకా రాయబడుతూనే ఉంది.

అల్లాహ్ మనకు న్యాయంగా చూసే కళ్లను, తప్పును ఒప్పుకునే ధైర్యాన్ని, అప్పగించిన అమానత్‌ను భద్రంగా హక్కుదారులకు చేర్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.